పార్కింగ్ ఉందంటున్నారా, ముందు అది చూపించమనండి

ప్రశ్న: మేం హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఇంట్లో రెండో అంతస్తు పోర్షన్‌లో ఉంటున్నాం. గేటు లోపల ఓనర్ గారి కారు, మా నెక్సాన్ రోడ్డు మీద. నాకు రాయదుర్గంలో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. కంపెనీ క్యాబ్ అయితే ఊరంతా తిప్పి గంటన్నరకి దింపుతుంది, అందుకే కారు. మావారు కూకట్‌పల్లిలో లెక్చరర్, బైక్ మీద వెళ్తారు. నేను వచ్చేసరికి వీధిలో ఖాళీ ఉండదు, రెండు సందుల అవతల పెట్టి ఆ రాత్రిపూట ఒక్కదాన్నే నడిచి రావాలి. రెండుసార్లు సైడ్ మిర్రర్ విరిగింది. మోకాలి ఆపరేషన్ అయిన మామగారు చెకప్‌లకి కరీంనగర్ నుంచి వస్తుంటారు. రెండు నెలలుగా ప్రగతినగర్, నిజాంపేట వైపు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వెతుకుతున్నాం, మెయింటెనెన్స్‌తో కలిపి 25 వేల దాకా పెట్టగలం. 11 ఫ్లాట్లు చూశాం. అందరూ పార్కింగ్ ఉందనే అంటారు. తీరా వెళ్తే ఒకచోట అది బైక్‌కే, ఇంకోచోట ఎవరు ముందొస్తే వాళ్లది, ఒకాయన పార్కింగ్‌కి వేరే 2 వేలు అన్నారు. ప్రగతినగర్‌లో ఒక ఫ్లాట్ చాలా నచ్చింది కానీ పార్కింగ్ మూడో అంతస్తు వాళ్లతో బ్యాక్ టు బ్యాక్, అంటే ఒక కారు వెనక ఇంకోటి పెట్టాలి. తీసుకోవచ్చా? లేకపోతే పార్కింగ్ లేని ఫ్లాట్ తక్కువ అద్దెకి తీసుకుని ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్‌లో కారు పెట్టుకుంటే నయమా?
ఒక పాఠకురాలు, ఎస్.ఆర్. నగర్

సమాధానం: ప్రగతినగర్ ఫ్లాట్‌కి ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఇవ్వకండి, కనీసం నేను చివర్లో చెప్పే ఒక మాట ఆ ఓనర్‌ని అడిగేదాకా ఇవ్వకండి.

ఎందుకంటే మీ టైమింగ్స్‌కి బ్యాక్ టు బ్యాక్ అస్సలు కుదరదు. ఒక్కసారి ఆ ఇంట్లో ఉన్నట్టే ఊహించుకోండి. మూడో అంతస్తాయన రాత్రి ఎనిమిదింటికి వచ్చి లోపల పెడతాడు, మీరు పదకొండున్నరకి వచ్చి ఆయన వెనక పెడతారు, పొద్దున ఏడింటికి ఆయన ఆఫీసుకి బయల్దేరాలి, మీరు పడుకున్నదే రాత్రి ఒంటిగంటకి. రోజూ ఏడింటికి కాలింగ్ బెల్, "మేడమ్ కొంచెం కారు తీస్తారా" అని. సరే, లోపలిది మీరు తీసుకుంటే? పదకొండున్నరకి మీరు వచ్చేసరికి బయట స్థలంలో ఆయన కారు ఉంటుంది, పడుకున్న మనిషిని లేపాలి. మొదటి వారం నవ్వుతూనే తీస్తారు, నెల తిరిగేసరికి మొహాలు మారతాయి, మూడో నెలలో వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. ఇందులో ఎవరి తప్పూ ఉండదు, అదే బాధ. ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవడం రెండు కార్లూ ఒకే ఇంటివైనప్పుడు బాగుంటుంది, లేదా రెండు ఇళ్ల వేళలూ ముందొచ్చినవాళ్లు ఆలస్యంగా వెళ్లేలా కుదిరినప్పుడు బాగుంటుంది. మీది రెండూ కాదు. తాళాలు వాచ్‌మన్ దగ్గర పెడితే ఆయనే తీస్తాడు కదా అంటారు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. ఆయనకి లైసెన్స్ లేకపోతే, రివర్స్‌లో ఎవరికైనా తగిలితే, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వరు, కేసు మీ మెడకి చుట్టుకుంటుంది, పాపం ఆయన ఉద్యోగం కూడా పోతుంది.

ఇక ఖాళీ ప్లాట్ సంగతి. ఆ ప్లాట్‌కి ఒక యజమాని ఉన్నాడు, ఆయన ఏదో ఒక రోజు జేసీబీ తెస్తాడు. హైదరాబాద్‌లో, ముఖ్యంగా మీరు చూస్తున్న నిజాంపేట, ప్రగతినగర్ వైపు, ఖాళీగా కనిపించే ప్లాట్ ఎక్కువకాలం ఖాళీగా ఉండదు. దాన్ని నమ్ముకుని ఇల్లు తీసుకుంటే తవ్వకం మొదలైన రోజు మళ్లీ రోడ్డు మీదే. పైగా మీరు ఇల్లు మారేదే రాత్రిపూట ఒక్కరే నడవాల్సి వస్తోందని, మరి ఆ ప్లాట్‌లో లైటుంటుందా, గేటుంటుందా? నెలకి 2, 3 వేలు మిగుల్తాయని ఇది మళ్లీ నెత్తికెత్తుకోవద్దు. నేను మీ ఇంట్లో మనిషినైతే ఇదే చెప్పేదాన్ని, కాస్త గట్టిగానే చెప్పేదాన్ని.

ఇప్పుడు అసలు విషయం. "పార్కింగ్ ఉంది" అన్నప్పుడు చాలాసార్లు ఓనర్లు అబద్ధం చెప్పరు, వాళ్లకే సరిగ్గా తెలియదు. కొన్నేళ్ల కిందట కొండాపూర్‌లో మేం ఒక ఫ్లాట్ తీసుకున్నాం. ఓనర్ ఎప్పుడూ ఆ బిల్డింగ్‌లో ఉన్నవాడు కాదు, వాచ్‌మన్ ఒక ఖాళీ స్థలం చూపించి ఇదే మీది అన్నాడు, మేం సంతోషంగా దిగాం. నాలుగు నెలలకి అమెరికా నుంచి ఇంకో ఫ్లాట్ ఓనర్ వాళ్లు తిరిగొచ్చారు, ఆ స్థలం వాళ్లది. కాయితాలు తీసి చూస్తే మా ఓనర్ వాటా పార్కింగ్‌లో ఎప్పుడో ఎవరో జనరేటర్ పెట్టేశారు. అగ్రిమెంట్ గడువు తీరేదాకా మా కారు రోడ్డు మీదే ఉంది, వానకి తడిసి ఎండకి ఎండి రంగు వెలిసిపోయింది. ఓనర్ మంచివాడే, సారీ అన్నాడు, కానీ ఏం చేయగలడు? అప్పటినుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే, ముందు పార్కింగ్ చూడండి, అది నచ్చాకే లిఫ్టెక్కండి. బాల్కనీ, మాడ్యులర్ కిచెన్ ముందు చూసేస్తే మనసు అక్కడ పడిపోతుంది, తర్వాత పార్కింగ్ ఎలా ఉన్నా సర్దుకుందాంలే అనిపిస్తుంది. ప్రగతినగర్ విషయంలో మీకు జరిగింది అదే కదా.

మన దగ్గర ఫ్లాట్ల సేల్ డీడ్‌లలో మామూలుగా ప్లింత్ ఏరియా, భూమిలో అవిభాజ్య వాటా, దాంతోపాటు ఇన్ని చదరపు అడుగుల కార్ పార్కింగ్ అని రాస్తారు. చాలావాటిలో 100 చదరపు అడుగులని ఉంటుంది. అది ఎక్కడ, ఏ పిల్లర్ల మధ్య అన్నది తరచుగా రాయరు. ఆ స్థలం బిల్డర్ చూపించిందో, అసోసియేషన్ లాటరీ తీసి ఇచ్చిందో, గోడ మీద ఫ్లాట్ నంబర్ పెయింట్ వేసి ఉంచిందో అయి ఉంటుంది. కాబట్టి ఓనర్‌ని రెండు అడగండి: మీ డీడ్‌లో పార్కింగ్ ఉందా, బిల్డింగ్‌లో మీకు ఇచ్చిన స్థలం ఏది. తర్వాత అదే ప్రశ్న అసోసియేషన్ ప్రెసిడెంట్‌నో సెక్రటరీనో వేరేగా అడగండి. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే సగం టెన్షన్ తీరినట్టే. "ఎవరు ముందొస్తే వాళ్లది" అనే బిల్డింగ్‌లు మాత్రం మీరు వదిలేయండి, పదకొండున్నరకి వచ్చే మనిషి ఎప్పుడూ ముందు రాదు.

2 వేలు వేరేగా అడిగినాయన గురించి. తన ఫ్లాట్‌కి ఉన్న స్థలానికే ఆయన ధర కడుతుంటే అది బేరం మాత్రమే, అద్దెని రెండు ముక్కలు చేసి చెప్తున్నాడంతే, మొత్తం మీద మీకు గిట్టుబాటైతే ఒప్పుకోండి, కాకపోతే తగ్గించమనండి. కానీ ఆయన ఇస్తానంటున్నది తనది కాని స్థలమైతే, అంటే విజిటర్స్ కోసం వదిలినదో ఎవరో ఊళ్లో లేనివాళ్లదో అయితే, ఆ 2 వేలూ దండగ. బిల్డర్లు స్టిల్టు పార్కింగ్‌ని, అంటే బిల్డింగ్ కింద నేల మట్టంలో పిల్లర్ల మధ్య వదిలిన చోటుని, ఫ్లాట్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్ముకోవడం కుదరదని 2010లో సుప్రీంకోర్టు ముంబైకి సంబంధించిన ఒక కేసులో చెప్పింది, 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) కూడా ఆరుబయట పార్కింగ్‌ని అందరి ఉమ్మడి స్థలం కిందే లెక్కేసింది. మన బిల్డింగ్ రూల్స్, 2012 నాటి జీవో 168, స్టిల్టుని పార్కింగ్ కోసమే వదలమంటాయి. ఇవన్నీ పట్టుకుని మీరు ఓనర్‌తో వాదించాలని కాదు. అద్దెకున్నవాళ్లకి ఓనర్‌కి ఉన్న హక్కే వస్తుంది తప్ప అంతకు మించి రాదు, అందుకే ఆయనకి ఏముందో ముందే తేల్చుకోవాలి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు బైక్ మీద వెళ్లకండి, కారులోనే వెళ్లండి. ఇది అందరూ మర్చిపోతారు. వీలైతే పగలొకసారి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇంకోసారి. పగలు పదకొండింటికి సగం కార్లు ఆఫీసుల్లో ఉంటాయి, ఏ స్టిల్టైనా విశాలంగానే కనిపిస్తుంది. రాత్రి వెళ్తే బైకులు ఎక్కడెక్కడ అడ్డం పెడతారో, పిల్లల సైకిళ్లు ఎక్కడుంటాయో, వాచ్‌మన్ కుటుంబం మంచం ఎక్కడ వేసుకుంటారో అన్నీ తెలుస్తాయి. ఓనర్ పర్మిషన్ అడిగి కారు ఆ స్థలంలో నిజంగా పెట్టి, మళ్లీ తీసి చూడండి. మీరే నడపండి, మీవారు కాదు, రోజూ రాత్రి పెట్టాల్సింది మీరు కాబట్టి. ఒక్క మలుపులో లోపలికి వెళ్తుందా, లేక నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ కొట్టాలా? గేటు ఎవరు తీస్తారు? రాత్రి పదకొండున్నరకి వాచ్‌మన్ మేలుకుని ఉంటాడా, లేక మీరు దిగి తాళం తీసుకోవాలా? స్టిల్టులో లైట్లు రాత్రంతా వేసి ఉంచుతారా, కరెంటు బిల్లని పదింటికే ఆపేస్తారా? మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది ఆ రాత్రి నడకే, కాబట్టి ఈ ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి.

ఒక టేపు తీసుకెళ్లండి. మీ నెక్సాన్ పొడవు ఇంచుమించు 4 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు, అద్దాలు తెరిచి ఉంటే ఇంకాస్త ఎక్కువ. అడుగుల్లో చెప్పాలంటే 13 అడుగుల పైచిలుకు పొడవు, దాదాపు 6 అడుగుల వెడల్పు. అంటే కారే 77, 78 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది, డీడ్‌లో 100 రాసి ఉంటే ఇక చుట్టూ మిగిలేది ఎంతో మీరే చూడండి. పిల్లర్‌కీ గోడకీ మధ్య 8 అడుగులకి తగ్గితే డోర్ తెరిచి దిగడం రోజూ ఒక అవస్థ. రెండు పిల్లర్ల మధ్య రెండు కార్లు పెట్టే చోటైతే మొత్తం 17, 18 అడుగులైనా ఉండాలి, అంతకు తక్కువైతే పక్కవాళ్ల డోర్ మీ డోర్‌కి తగలడం ఖాయం. పక్కన ఏ కారు పెడతారో కూడా అడగండి, వేగన్ ఆర్ పక్కన పెట్టడానికీ ఇన్నోవా పక్కన పెట్టడానికీ చాలా తేడా ఉంటుంది. కింద కూడా చూడండి. మన అపార్ట్‌మెంట్లలో నీళ్ల సంపు మూత చాలాచోట్ల పార్కింగ్‌లోనే ఉంటుంది. మీ స్థలం దాని మీదైతే ట్యాంకర్ వచ్చినప్పుడల్లా, సంపు కడిగినప్పుడల్లా మీ కారు తీయాలి, ఎండాకాలంలో ఆ వైపు ట్యాంకర్లు ఎంత తరచుగా వస్తాయో మీకు చెప్పక్కర్లేదు. పైన డ్రైనేజీ పైపుల జాయింట్లు కారుతున్నాయా అని కూడా ఒకసారి తలెత్తి చూడండి.

మామగారి కోసం మాత్రం స్థలం వెడల్పు కన్నా లిఫ్టు దాకా దారి ముఖ్యం. కారు లోపల పెట్టే ముందే ఆయన్ని గేటు దగ్గర దింపి, అక్కడి నుంచి మెట్లు లేకుండా లిఫ్టు దాకా వెళ్లగలరా అని చూడండి. కొన్ని బిల్డింగుల్లో లిఫ్టుకి ముందు నాలుగు మెట్లుంటాయి, మనం గమనించం, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి అవే కొండ. సెల్లార్ పార్కింగ్ అయితే లిఫ్టు సెల్లార్ దాకా దిగుతుందా లేదా అన్నది కూడా.

సెల్లార్ అన్నాను కాబట్టి వానల సంగతి. స్టిల్టు అంటే నేల మట్టంలో ఉండేది, సెల్లార్ అంటే భూమి లోపల. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి ఈ ఊళ్లో ఎన్ని సెల్లార్లు నిండాయో, ఎన్ని కార్లు మునిగాయో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. మీరు వెతుకుతున్న నిజాంపేటలోనే బండారి లేఅవుట్ 2016 సెప్టెంబర్‌లో రోజుల తరబడి నీళ్లలో ఉంది. అందుకని సెల్లార్ అయితే గోడల మీద నీటి చారలు చూడండి, నీళ్లు తోడే మోటార్ ఉందా, కరెంటు పోతే అది జనరేటర్ మీద నడుస్తుందా అడగండి. ఈ మాట ఓనర్‌ని కాదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టతన్నో, వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన్నో అడగండి, వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు. ఎప్పుడైనా కారులోకి నీళ్లొస్తే మాత్రం స్టార్ట్ చేయకండి. నీళ్లతో ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో ఆ డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకునేది ఉండాలి. మీ పాలసీలో అది ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఏ ఏరియాలు అంటే, మీవారిది కూకట్‌పల్లి, మీది రాయదుర్గం, రాత్రి ట్రాఫిక్ తక్కువ కాబట్టి హఫీజ్‌పేట, మియాపూర్, చందానగర్ కూడా చూడండి, ప్రగతినగర్, నిజాంపేటకే పరిమితం కావద్దు. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట లాంటి పాత ఏరియాల్లో పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లు వదిలేయొచ్చు, అవి కట్టినప్పుడు ఇంటికో స్కూటర్ ఉంటే గొప్ప, ఇరవై ఫ్లాట్లకి ఎనిమిది కార్ల చోటు ఉంటుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో స్లాట్‌కి నంబర్లుంటాయి, కారుకి స్టిక్కర్ ఇస్తారు, రాత్రి సెక్యూరిటీ ఉంటుంది, కానీ మెయింటెనెన్స్ ఎక్కువ, 25 వేలకి కుదరడం కష్టం. మీకు సరిపడేది పదీ పన్నెండు ఫ్లాట్లున్న, పదేళ్ల లోపు కట్టిన స్టిల్టు బిల్డింగ్. వాటిలో చాలా ఫ్లాట్లు ఆన్‌లైన్‌లోకి రావు, గేటుకి టూలెట్ బోర్డు వేలాడుతుంది అంతే. ఆదివారం పొద్దున రెండు కాలనీలు తిరిగితే వారం పాటు ఫోన్‌లో వెతికినదానికన్నా ఎక్కువ దొరుకుతాయి. ఆషాఢంలో కొత్తింట్లోకి దిగేవాళ్లు తక్కువ కాబట్టి ఓనర్లు బేరానికి దిగుతారు. మీకు ఆ పట్టింపు లేకపోతే అది మంచి సమయం, ఉంటే ఆషాఢంలో మాట్లాడుకుని శ్రావణంలో దిగొచ్చు.

నచ్చింది దొరికాక అగ్రిమెంట్. మామూలుగా ప్రింటు తీసిచ్చే 11 నెలల అగ్రిమెంట్‌లో పార్కింగ్ అనే మాటే ఉండదు. అందులో ఈ అర్థం వచ్చేలా ఒక వాక్యం చేర్పించండి: స్టిల్టులో ఫలానా నంబరు ఉన్న ఒక కారు స్థలం, ఒక టూవీలర్ స్థలం ఈ అద్దెలోనే కలిసి ఉన్నాయి, అవి అద్దెదారు వాడకానికి మాత్రమే, ఏ కారణం వల్లైనా కారు స్థలం లేకుండా పోతే ఓనర్ వేరే స్థలం చూపించాలి లేదా నెలకి ఇంత అద్దె తగ్గించాలి, అదీ కాకపోతే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేసి అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. మీవారి బైక్‌ని కూడా రాయించడం మర్చిపోకండి, కారు ఒక్కటే రాస్తే రేపు బైక్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. స్థలం ఫోటో తీసి, గోడ మీద నంబర్ కనపడేలా, ఓనర్‌కి వాట్సాప్‌లో పంపి "ఇదే కదండీ" అని అడిగి జవాబు తెప్పించుకోండి. దీనికి ఒప్పుకోని ఓనర్ దగ్గర చేరకండి. ముందు ముందు ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచన ఉంటే, మీటర్ బోర్డు మీ స్థలానికి ఎంత దూరమో చూసి, మీ మీటర్ నుంచే ప్లగ్ పాయింట్ వేసుకోనిస్తారా అన్నది కూడా ఇప్పుడే అడిగేయండి.

ఇప్పుడు ప్రగతినగర్ ఓనర్‌ని అడగమన్న మాట. ఆ బిల్డింగ్‌లో కారు లేని ఫ్లాట్ ఏదైనా ఉందా? చిన్న బిల్డింగుల్లో తరచుగా ఉంటుంది, పిల్లలు బయటి దేశాల్లో ఉన్న పెద్దవాళ్లో, రెండు బైకులున్న కొత్త జంటో. వాళ్లకి విడిగా స్థలం ఉండి అది ఖాళీగా ఉంటే, మీరు ఉన్నన్నాళ్లూ దాన్ని మీకిచ్చి మీ బ్యాక్ టు బ్యాక్ స్థలాన్ని వాళ్లు ఉంచుకునేలా మార్చుకోవచ్చు, వాళ్లకి నెలకి వెయ్యో పదిహేను వందలో ఇచ్చినా మీ బడ్జెట్ దాటదనుకుంటాను. మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఓనర్, అసోసియేషన్ ముందు, ఒక కాయితం మీద రెండు ఫ్లాట్ల ఓనర్ల సంతకాలతో. కుదిరితే రాత్రి ఒకసారి కారులో వెళ్లి ఆ కొత్త స్థలంలో పెట్టి చూసి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి. ఓనర్ నాలుగు రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే ఇంక ఆగకండి, ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని, టేపు పెట్టుకుని, హఫీజ్‌పేట వైపు బయల్దేరండి.